చిన్న భాగాలకు పుల్లల స్టాండు

చిట్టితల్లీ,

స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం బొమ్మను ముక్కలు అతికించి, రంగులేసి తయారుచేసుకునే ప్లాస్టిక్ కిట్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. ముక్కలన్నీ అంటుకుని వచ్చే ఫ్రేము నుంచి ఒక్కటి కూడా కత్తిరించకముందే ఈ ఉత్తరం చదువు. కత్తిరించేశాక చదివితే ఇందులో సగం పనికిరాదు.

రెక్కలూ, విమానం ఒళ్లూ చేత్తో పట్టుకుని రంగు వేసుకోవచ్చు. చిక్కంతా చక్రాలు, ప్రొపెల్లరు, పైలట్ సీటు, ఎగ్జాస్ట్ గొట్టాలు, ల్యాండింగ్ గేర్ కాళ్ల దగ్గరే. 1:72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, చక్రం అడ్డంగా కొలిస్తే సెంటీమీటరు కూడా ఉండదు. దాన్ని వేళ్లతో పట్టుకుంటే చేతి జిడ్డు అంటుకుని ఆ చోట రంగు నిలవదు. పేపరు మీద పడుకోబెట్టి వేస్తే రంగు కింది అంచుకు చేరి కాగితానికి అతుక్కుంటుంది, తీసేటప్పుడు పెచ్చుగా ఊడొస్తుంది. అందుకని ఒక్కో ముక్కకు ఒక్కో పుల్ల, ఆ పుల్లలన్నీ గుచ్చి నిలబెట్టడానికి ఒక దిమ్మ చేసుకోవాలి. తయారు స్టాండ్లు అమ్ముతారు గానీ వాటికి డబ్బు పెట్టకు. ఆ డబ్బుతో మంచి బ్రష్షు ఒకటి వస్తుంది.

స్టాండు సంగతికి ముందు ఒకటి తేల్చుకో. ఏ ముక్కను ఎక్కడ పట్టుకుంటావు? దాదాపు ప్రతిసారీ జవాబు ఒక్కటే: తర్వాత జిగురు పడబోయే చోట. కిట్ ముక్కల్ని అతికించే ప్లాస్టిక్ సిమెంటు మామూలు జిగురులా మధ్యలో పొరగా ఉండి అంటించదు, రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. నడుమ రంగు పొర ఉంటే అది రంగును కరిగిస్తుందే గానీ ప్లాస్టిక్ దాకా సరిగా పోదు. అతుకు పైకి బాగానే ఉంటుంది, తర్వాత చిన్న తాకిడికే ఊడిపోతుంది. కాబట్టి అతికే చోటునే క్లిప్పు పట్టుకుంటే అక్కడ రంగు పడదు, క్లిప్పు గుర్తు కూడా బయటికి కనబడదు. కిట్‌తో వచ్చిన సూచనల కాగితం ముందు పెట్టుకుని, ప్రతి చిన్న ముక్కా దేనికి అతుక్కుంటుందో బొమ్మ మీదే పెన్సిలుతో గుర్తు పెట్టు. ఈ పని అయ్యాకే కటింగ్ ప్లయరు చేత్తో పట్టుకో.

ముక్కను ఫ్రేముకు కలిపే కాడ ఉంటుంది చూడు, అది అతికే చోటనే ఉంటే నీ పని తేలిక. కాడ 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించు, అదే పిడి అవుతుంది. కాడ బయటికి కనబడే చోట ఉంటే మాత్రం పూర్తిగా కత్తిరించి, ఆ మచ్చను సన్న ఉప్పుకాగితంతో, 600 నంబరు తర్వాత 1000 నంబరుతో రుద్దాకే రంగు. రంగు వేశాక రుద్దితే మళ్లీ మొదటికొస్తుంది. ఫ్రేములను ముందే గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసే నూనె వాటి మీద మిగిలి ఉండొచ్చు.

ఇప్పుడు పుల్లలు. పేపర్ ప్లేట్లు అమ్మే దుకాణంలో కబాబ్ పుల్లలు అడుగు. 3 మిల్లీమీటర్ల లావున్న వెదురువి కట్టలుగా దొరుకుతాయి. అగరుబత్తి పుల్లలు సన్నం, క్లిప్పు బరువుకే వంగుతాయి. చీపురు ఈనెలు ఊగుతాయి. ఒక్కో వెదురు పుల్లను 15 సెంటీమీటర్లకు కత్తిరించు. మొనదేలిన కొస దిమ్మలోకి దిగాలి, మొండి కొస పైకి రావాలి. మొన పైకి ఉంచకు, వంగి పని చేసేటప్పుడు కళ్లకు ప్రమాదం.

మొండి కొసకు క్రొకడైల్ క్లిప్పు, అంటే వైర్లు పట్టించే పళ్ల క్లిప్పు, పెట్టాలి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా ఇస్తారు. చిన్న సైజువి, పైన ప్లాస్టిక్ తొడుగు లేనివి తీసుకో. తొడుగున్నవే దొరికితే లాగి పారెయ్యి. వైరు బిగించే తోక భాగం గొట్టంలా మడిచి ఉంటుంది, పుల్ల కొస అందులో సెంటీమీటరు దాకా దూరాలి. వదులుగా ఉంటే పుల్లకు మాస్కింగ్ టేపు (తేలిగ్గా ఊడొచ్చే కాగితపు టేపు) ఒక చుట్టు చుట్టి దూర్చి, ప్లయరుతో తోకను నొక్కి, ఫెవిక్విక్ వెయ్యి. వెదురు ద్రవాన్ని పీల్చేస్తుంది, అందుకే మొదటి చుక్క నారల్లోకి ఇంకిపోయి అతుకు నిలవదు. ముందు ఒక చుక్క పుల్ల కొసకు తాగించి, అది ఆరాక రెండో చుక్కతో అతికించు. ఎం-సీల్ అయితే ఇంకా గట్టిగా ఉంటుంది గానీ మర్నాటి దాకా ముట్టుకోకూడదు. ఈ కిట్‌కు 20 క్లిప్పులు చాలు.

క్లిప్పు పళ్లు మెత్తటి ప్లాస్టిక్‌లో గాట్లు పెడతాయి. కాడను పట్టుకునేటప్పుడు పట్టించుకోనక్కర్లేదు. ముక్కనే పట్టుకోవాల్సి వస్తే రెండు దవడలకూ మాస్కింగ్ టేపు ఒక్కో పొర అంటించు. ఒక పొరే. లావుగా చుడితే దవడల కొసలు కలవవు, సన్న ముక్క జారిపోతుంది.

దిమ్మకు థర్మకోల్ వాడతారు చాలామంది. నువ్వు వాడకు. థర్మకోల్ కూడా నీ కిట్ ప్లాస్టిక్ లాగే పాలీస్టైరీన్, కాకపోతే నురగలా పొంగించింది. స్ప్రే డబ్బా రంగులోని ద్రావకం, థిన్నరు తుంపరలు పడితే కరిగి గుంటలు పడుతుంది, పుల్లలు వాలిపోతాయి. పుల్ల గుచ్చినప్పుడల్లా రాలే తెల్ల పూసలు స్థిర విద్యుత్తు వల్ల ఎగిరి తడి రంగుకు అంటుకుంటాయి, తీస్తే రంగూ పోతుంది.

అట్టపెట్టె దీనికి ఎంతో మేలు, పైసా ఖర్చు లేదు. కిరాణా కొట్లో 5 ప్లై, అంటే ఐదు పొరల అట్ట, పెట్టె ఒకటి అడిగి తెచ్చుకో. అట్ట లోపల అలల పొర ఉంటుంది కదా, ఆ గొట్టాల్లాంటి సందుల్లోనే పుల్లలు దిగాలి. 25 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పుతో పట్టీలు కోయి. సందులు పట్టీ వెడల్పు వెంట, అంటే ఆ 6 సెంటీమీటర్ల వైపుగా పోవాలి. పొడవు వెంట పోయేలా కోశావంటే దిమ్మ కట్టాక సందులు పక్కలకు తెరుచుకుంటాయి, పైన గుచ్చడానికి ఏమీ ఉండదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, మొదటి పట్టీ కోసి అంచు చూసుకుని మిగతావి కోయి. కట్టరుకు కొత్త బ్లేడు వెయ్యి. మొద్దు బ్లేడు అంచును నలిపి సందులు మూసేస్తుంది.

ఇలాంటి పట్టీలు 20, 22 దాకా నిలబెట్టి పక్కపక్కన అతికిస్తే 15 సెంటీమీటర్ల వెడల్పు దిమ్మ వస్తుంది. ఫెవికాల్ సన్న గీతలుగా వెయ్యి. ఎక్కువైతే తడికి అట్ట ఉబ్బుతుంది. చుట్టూ వెడల్పు టేపుతో బిగించి రాత్రంతా వదిలెయ్యి, పైన బరువు పెట్టకు. 5 ప్లైలో సాధారణంగా ఒక పొర సందులు పెద్దవి, ఇంకో పొరవి చిన్నవి. 3 మిల్లీమీటర్ల పుల్ల చిన్న సందులో బిగుతుగా, పెద్ద దాంట్లో కాస్త వదులుగా కూర్చుంటుంది. బరువు ముక్కల్ని బిగుతు సందుల్లో పెట్టు.

అట్ట తేలిక, పైన క్లిప్పులన్నీ ఒక పక్కకు చేరితే ఒరిగిపోతుంది. దిమ్మ అడుగున ఫ్లోర్ టైలు ముక్క ఒకటి, గరుకు వైపు పైకి ఉంచి, ఫెవికాల్‌తో అంటించు. నున్నటి వైపు జిగురు పట్టదు. పుల్ల కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, పైన 10 మిగలాలి. పుల్లకూ పుల్లకూ మధ్య 4, 5 సెంటీమీటర్లు వదులు. వానాకాలంలో అట్ట చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, పని లేనప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచు. ఒక సందు వదులైతే పక్క దాంట్లోకి మారు, వందల సందులున్నాయి.

ప్రతి పుల్లకూ మాస్కింగ్ టేపుతో చిన్న జెండా కట్టి, సూచనల కాగితంలోని ముక్క నంబరు రాయి. కుడి కాలూ ఎడమ కాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, ఫ్రేము నుంచి విడిపోయాక పోల్చుకోలేవు.

చక్రాలకు క్లిప్పు వద్దు. ఇరుసు రంధ్రంలో టూత్‌పిక్ దూర్చు, అది కొసకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి రంధ్రానికి బిగుసుకుంటుంది. గట్టిగా తొయ్యకు, రంధ్రం పగులుతుంది. ముందు మధ్య బిళ్లకు వెండి రంగు వేసి పూర్తిగా ఆరనివ్వు. తర్వాత ముదురు బూడిద రంగును పల్చగా కలిపి, బిళ్లకూ టైరుకూ నడుమ ఉన్న గాడిలో బ్రష్షు కొస ఆనించు. రంగు దానంతటదే గాడి వెంట పాకుతుంది. మిగిలిన టైరుకు బ్రష్షును కదపకుండా పట్టుకుని టూత్‌పిక్‌ను వేళ్ల మధ్య తిప్పు. గీత గుండ్రంగా వస్తుంది, బ్రష్షును తిప్పితే రాదు.

ప్రొపెల్లరును వెనక ఉన్న ఇరుసు కాడతో క్లిప్పుకు పట్టించు. అసలు విమానంలో ప్రొపెల్లరు రెక్కల కొసన 4 అంగుళాల మేర పసుపు రంగు ఉండేది, 1:72లో అది 1.4 మిల్లీమీటర్లు. ముందు తెలుపు, దాని మీద పసుపు వేసి, ఆరాక కొసలకు 1.4 మిల్లీమీటర్ల టేపు చుట్టి మిగతాదంతా నలుపు వెయ్యి. నలుపు మీద పసుపు వేస్తే ఎన్ని పూతలైనా కింది చీకటి కనబడుతూనే ఉంటుంది.

పైలట్ బొమ్మకు పట్టుకునే చోటుండదు. సీటుకు ఆనే అడుగు భాగంలో పిన్ వైస్‌తో (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్లు) 0.6 మిల్లీమీటర్ల రంధ్రం 2 మిల్లీమీటర్ల లోతుకు వేసి, గుండుసూది గుండు కత్తిరించి దూర్చు. సూది కాల్చి గుచ్చకు, చుట్టూ ప్లాస్టిక్ కరిగి గట్టు కడుతుంది. సీటు మరీ పల్చన, రంధ్రం పనికిరాదు. పుల్ల మొండి కొసకు చిన్న ఫెవికాల్ బొట్టు పెట్టి సీటు అడుగును దానికి అంటించు. రంగు బాగా గట్టిపడ్డాక, ఒక రోజు ఆగి, ఆ అతుకును నీళ్లలో నాననిస్తే ఊడొస్తుంది. ఫెవిక్విక్ అయితే ఊడదు, విరుగుతుంది.

చక్రాల మూతల్లాంటి చదును ముక్కలకు ఐస్‌క్రీమ్ పుల్ల మంచిది. మాస్కింగ్ టేపును జిగురు పైకి వచ్చేలా చుట్టి ముక్కల్ని దాని మీద ఆనించు. లోపలి వైపు ఒక రంగు, బయట వైపు ఇంకో రంగు, ఒక వైపు ఆరాకే తిప్పు. గోడకు బొమ్మలు అంటించే స్పాంజి టేపు వాడకు, దాని పట్టుకు పల్చటి మూత విరిగిపోతుంది. పోస్టర్లు అంటించే మెత్తటి ముద్ద కూడా మన ఎండల్లో కారిపోయి ముక్కను వాల్చేస్తుంది. గాజులాంటి పారదర్శక ముక్కల దగ్గరకు ఫెవిక్విక్ అసలే రానివ్వకు, దాని ఆవిరికే వాటి మీద తెల్లటి మసక పడుతుంది.

రంగు కొట్టేటప్పుడు ముక్కల్ని దిమ్మ మీదే ఉంచి కొట్టకు. పుల్లను తీసి చేత్తో పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ వేసి, మళ్లీ గుచ్చు. దిమ్మ మీదే కొడితే గాలి అట్టకు తగిలి దుమ్ము లేస్తుంది, వెనక వైపు రంగు అందదు. స్ప్రే డబ్బాను 20, 25 సెంటీమీటర్ల దూరంలో పట్టు. ముక్కకు పక్కన మొదలుపెట్టి, దాని మీదుగా సాగి, అవతల ఆపు. నొక్కగానే, వదలగానే పెద్ద బొట్లు పడతాయి, అవి ముక్క మీద పడకూడదు. ఒక్క మందపాటి పూత కంటే రెండు మూడు పల్చటివి మేలు. స్ప్రే పని హాస్టల్ గదిలో వద్దు. గాలి వీచని పూట మేడ మీద, మూతికి మాస్కు పెట్టుకుని, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని చెయ్యి. ముసురు పట్టిన రోజు లాకర్ రంగు (ద్రావకం త్వరగా ఆవిరయ్యే రకం) కొట్టకు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రంగు చల్లబడి గాలిలోని తేమను లాక్కుంటుంది, తెల్లగా పాలిపోతుంది.

ఆరేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపెయ్యి, దుమ్మంతా తెచ్చి ముక్కల మీద పోసేది అదే. పెద్ద ప్లాస్టిక్ టబ్బు బోర్లించి, ఒక అంచు కింద పెన్సిలు పెట్టి గాలి ఆడనివ్వు. ఆక్రిలిక్ అరగంటలో ఆరినట్టు అనిపిస్తుంది గానీ టేపు అంటించాలంటే ఒక రోజు ఆగు. ఎనామిల్‌కు ఇంకా ఎక్కువ పడుతుంది.

ముక్కను క్లిప్పు నుంచి తీసేటప్పుడు తొందరపడకు. రంగు పొర ముక్క మీంచి దవడ మీదికి సాగి ఆరి ఉంటుంది, అలాగే లాగితే పొర చిరుగుతుంది. దవడ అంచు వెంట బ్లేడు కొసతో సన్నగా గీసి అప్పుడు తెరువు. పిడిగా ఉంచిన కాడను ఒక మిల్లీమీటరు మిగిల్చి కత్తిరించి, మిగిలింది బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కు. కింద రంగులేని ప్లాస్టిక్ బయటపడుతుంది, జిగురు అక్కడే వెయ్యి. దవడలకు పేరుకున్న రంగును థిన్నరు గుడ్డతో అప్పుడప్పుడూ తుడుస్తూ ఉండు, లేకపోతే కొసలు సరిగా మూసుకోవు.

గుజరాతీ గల్లీ ఆదివారం చాలావరకు మూసి ఉంటుంది, శనివారం క్లాసులయ్యాక వెళ్లు. పిన్ వైస్ అక్కడ దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నా దగ్గరిది కొరియర్‌లో పంపిస్తాను.

ఆశీస్సులతో,
నాన్న