జీన్స్ క్రెడిట్ ఒక్కడికేనా?

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో జీన్స్ మీద వచ్చిన ఆర్టికల్ బాగుంది కానీ క్రెడిట్ మొత్తం బట్టల వ్యాపారి లెవీ స్ట్రాస్‌కే ఇచ్చేశారు, అదే నచ్చలేదు. జేబు మూలలు చిరక్కుండా రాగి రివెట్లు (మేకుల్లాంటి చిన్న బిళ్ళలు) కొట్టింది జేకబ్ డేవిస్ అండి, అమెరికాలో రీనో ఊళ్ళో టైలరు, గుర్రాల దుప్పట్లకి వాడే రివెట్లనే తీసి కూలిపనోళ్ళ ప్యాంట్లకి బిగించాడు, పేటెంట్‌కి డబ్బుల్లేక తనకి బట్ట అమ్మే స్ట్రాస్‌కి ఉత్తరం రాశాడు, అలా 1873 మే 20న పేటెంట్ వచ్చింది.

ఇంకోటి, రంగు వెలవడం నాసిరకం అన్నట్టు రాశారు. కాదండీ, ఒక్కసారి ప్యాంటు కాలు మడిచి లోపల చూడండి, తెల్లగా ఉంటుంది. పడుగు (నిలువు) దారానికే నీలిమందు వేస్తారు, పేక (అడ్డ దారం) తెల్లదే, పైగా ఆ నీలిమందు దారానికి పైపైనే పట్టుకుంటుంది, లోపలికి దిగదు, అందుకే ముందు మోకాళ్ళ దగ్గర తెల్లబడుతుంది.

1950ల్లో హాలీవుడ్ నటుడు జేమ్స్ డీన్ లాంటోళ్ళు వేసేసరికి ఇది రౌడీ పిల్లల డ్రెస్ అని అమెరికాలో కొన్ని స్కూళ్ళు బ్యాన్ కూడా చేశాయి, తర్వాత హిప్పీలు, ఆ తర్వాత డిజైనర్ లేబుళ్ళు. ఇప్పుడైతే కావాలని చింపి మరీ ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు, పాపం డేవిస్ తిప్పలు పడింది చిరక్కూడదనే కదా! సవరణ వేసేటప్పుడు ఆయన పేరు మర్చిపోకండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు