జలుబుకీ యాంటీబయాటికేనా?

పసిపిల్లలకు ముక్కు కారితే చాలు, మొదటి రోజే యాంటీబయాటిక్ సిరప్ రాసేస్తున్నారు. మా వీధి క్లినిక్‌లో మనవడితో గంటసేపు కూర్చున్నాను. గొంతులో టార్చి వేసి చూడకుండానే చీటీ చేతికొచ్చింది. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానిపై ఈ మందు పనిచేయదు. తప్పంతా డాక్టర్లదే అనను. ‘పవర్‌ఫుల్ మందు రాయండి’ అని పట్టుబట్టే మనమూ తక్కువ తినలేదు. మిగిలిన సిరప్‌ను ఫ్రిజ్‌లో దాచి నెల తర్వాత మళ్లీ పట్టే ఇళ్లెన్నో (నీళ్లు కలిపాక అది సాధారణంగా రెండు వారాలకు మించి నిలవదని ఎవరు చెబుతున్నారు?). యాంటీబయాటిక్ ఎందుకు రాస్తున్నారో చీటీలో పేర్కొనాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2024 జనవరిలోనే డాక్టర్లను కోరింది. ఆ సూచనను పీహెచ్‌సీల నుంచి ప్రైవేటు క్లినిక్‌ల దాకా తప్పనిసరి చేసి, కారణం రాయని చీటీకి మెడికల్ షాపులు మందు ఇవ్వకుండా ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలు చేయాలి.

– ఓ తాత, తెనాలి