ఇంగ్లండ్‌లో పారిష్ కౌన్సిల్ మీటింగులకు మనవాళ్లూ వెళ్లాలి

సంపాదకుడు గారికి,

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు చాలామంది మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదువుతారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక పల్లెను ఆనుకుని కట్టిన కొత్త కాలనీలో ఉంటున్నాం. మా వీధిలోనే తెలుగు కుటుంబాలు ఏడు. కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) బిల్లులో 'పారిష్' పేరుతో విడిగా కొంత మొత్తం కనిపిస్తే, పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు అనే అర్థం కూడా ఉంది కాబట్టి, చర్చికి పోయే డబ్బేమో అనుకున్నాను. మా పక్కింటివాళ్లు ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. నిజానికి 1894 నాటి చట్టంతోనే ఊరి వ్యవహారాలు చర్చి నుంచి విడిపోయి, ఎన్నికైన సభ్యుల చేతికి వచ్చాయి. ఆ సభ్యులుండే పారిష్ కౌన్సిల్ మన పంచాయతీ లాంటిదే, అధికారాలు మాత్రం ఇంకా తక్కువ. రోడ్లు, చెత్త లాంటివి దానికి పైస్థాయిలో ఉండే పెద్ద కౌన్సిళ్లు చూసుకుంటాయి. పార్కు, పిల్లల ఉయ్యాలలు, బస్ షెల్టర్, శ్మశానం, ఊరి హాలు లాంటివి పారిష్ చూస్తుంది. కొత్త ఇళ్ల ప్లాన్ వస్తే దాని అభిప్రాయం అడుగుతారు, నిర్ణయం పైవాళ్లది.

మా పిల్లలు స్కూల్ బస్సు కోసం వానలో తడుస్తున్నారని పోయిన చలికాలం మీటింగుకు వెళ్లాను. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మా పారిష్‌లో ఊరివాళ్లు మాట్లాడడానికి పావుగంట ఇస్తారు. కొత్త కాలనీ నుంచి నేనొక్కదాన్నే. సభ్యులంతా జీతం లేకుండా పనిచేసే మామూలు మనుషులు, జీతం క్లర్కుకే. పోటీ చేసేవాళ్లు లేక రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయట. ఆ మాట విని చాలా బాధేసింది. షెల్టర్ ఇంకా రాలేదు, వచ్చే బడ్జెట్‌లో చూస్తామన్నారు. నేను వెళ్లకపోతే ఆ మాట కూడా వచ్చేది కాదు.

ఇంకో విషయం. కూరగాయలు పండించుకోవడానికి 'అలాట్‌మెంట్' అని చిన్న మడి అద్దెకిస్తారు. పూర్తి మడి అంటే సుమారు 300 గజాలు. తోటకూర, మెంతికూర వేసుకోవచ్చు. ఓటర్లు ఆరుగురు కలిసి రాసిస్తే, మడులు కావాలన్న ఆ విన్నపాన్ని పారిష్ పరిశీలించి తీరాలి. మా వీధిలో ఆరుగురు దొరకరా?

'వీసా మీద వచ్చాం, మనకెందుకు' అనే మాట తరచూ వింటుంటాను. దయచేసి అలా అనకండి. కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తున్న భారతీయులకు ఓటు ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. ఓటరుగా నమోదు చేసుకుంటే చాలు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చినవాళ్లు సభ్యులుగా నిలబడవచ్చు కూడా. ఏటా మార్చి 1కీ జూన్ 1కీ మధ్య ఊరి ఓటర్లందరికీ ఒక సమావేశం జరగాలి. అందులో ఎవరైనా లేచి అడగొచ్చు. లెక్కల పుస్తకాలు కూడా ఏడాదికి 30 పనిదినాలు జనం చూడడానికి తెరిచి ఉంచాలి.

మా నాన్నగారు గ్రామసభ ఉందంటే పొలం పని ఆపుకుని వెళ్లేవారు. ఆయన కూతురినై ఉండి నాకు ఇక్కడి మీటింగుకు వెళ్లడానికి మూడేళ్లు పట్టింది.

మీ ఎన్నారై పేజీలో ఓటరు నమోదు గురించి ఒక్కసారైనా వివరంగా రాయండి. మా పారిష్ మీటింగు వచ్చే మంగళవారం సాయంత్రం ఏడున్నరకు. ఈసారి మా వీధి నుంచి ముగ్గురం వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఆక్స్‌ఫర్డ్‌షైర్