గోడ అవతల చెత్త, రన్‌వే మీద గద్దలు

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్ నగరానికి ఉత్తరాన భూముల ధర పెరిగినప్పుడల్లా దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, హకీంపేటలోని వైమానిక స్థావరం అధీనంలో ఉన్న భూముల మీద ఒక చర్చ లేస్తుంది. అంత భూమి గడ్డి మొలవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పడి ఉందని, అందులో కొంతైనా రోడ్లకో ఇళ్లకో ఇస్తే బాగుంటుందని చాలామంది అంటారు. బౌరంపేటలో చాలాకాలంగా ఉంటూ రోజూ నెత్తిమీద శిక్షణ విమానాల చప్పుడు వింటున్న నాకు ఆ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడి గడ్డి కూడా స్థావరం పనిలో భాగమే. పైగా ఆ స్థావరం నిర్వహణ ప్రహరీ గోడతో ముగిసేది కాదు; గోడ బయట కొన్ని కిలోమీటర్ల మేర మనం పారేసే చెత్త, లేపే అంతస్తులు అన్నీ దాని లెక్కలోకే వస్తాయి. ఆ బయటి భాగాన్ని పట్టించుకునే నాథుడు లేడనే ఈ లేఖ రాస్తున్నాను.

అకాడమీకి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. దాదాపు 7,000 ఎకరాల ఈ ప్రాంగణంలో పైలట్ కాబోయే క్యాడెట్లు 2013లో వచ్చిన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానాల మీద తొలి పాఠాలు నేర్చుకుంటారు. ఆ తర్వాతి దశ శిక్షణకు హకీంపేట, హాక్ జెట్లకు బీదర్ ఉన్నాయి. దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురూ 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్ మైదానం నుంచే అధికారులుగా బయటికి వచ్చారు.

ఇక్కడ ఎగిరేవారు ఇంకా నేర్చుకుంటున్నవారన్న సంగతిని భూమి గురించి మాట్లాడేవారు గుర్తుంచుకోవాలి. కొత్త క్యాడెట్ ఒకే పూట పలుమార్లు రన్‌వే మీద దిగి, ఆగకుండానే మళ్లీ లేచి, తక్కువ ఎత్తులో చుట్టు తిరిగి మళ్లీ దిగడం సాధన చేస్తాడు. అది ఒకే ఇంజను విమానం. లేచిన కొద్ది క్షణాలకే గద్ద తగిలి ఇంజను ఆగితే, అనుభవజ్ఞుడికైనా వెనక్కి తిప్పుకునేంత ఎత్తు చేతిలో ఉండదు. ఎదురుగా ఉన్న ఖాళీ నేలే దిక్కు. రన్‌వే కొసల అవతల వదిలేసిన నేల అటువంటి క్షణాల కోసమే ఉంది. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన పీసీ-7 విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి, శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. దానికి పక్షి కారణమని నేను అనడం లేదు. శిక్షణలో ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పడానికే ప్రస్తావించాను.

గడ్డి సంగతికి వస్తే, విమానక్షేత్రంలో దాన్ని ఎంత ఎత్తున ఉంచాలన్నది తేలికైన నిర్ణయం కాదు. నున్నగా కోసేస్తే తీతువు పిట్టలు వచ్చి నేల మీదే గుడ్లు పెడతాయి. విమానం దగ్గరికి వచ్చేదాకా కదలవు, వచ్చాక అరుస్తూ దానికి అడ్డంగానే లేస్తాయి. ఏపుగా పెరగనిస్తే ఎలుకలు, మిడతలు చేరతాయి, వాటి వెనకే పాములు, గద్దలు వస్తాయి. తొలకరి పడి ఉసిళ్లు లేచిన సాయంత్రం పరిస్థితి మరీ కష్టం: కొంగలు, కాకులు, గద్దలు ఒకేసారి దిగుతాయి. అందుకే మధ్యస్థంగా ఒక ఎత్తు నిర్ణయించి, వానాకాలమంతా కోత కోయిస్తూ, నీరు నిలవకుండా కాలువలు తీయిస్తూ, పళ్లు కాసే చెట్లను రన్‌వే దరిదాపుల్లో పెరగనీయకుండా చూస్తారు. పక్షులను బెదరగొట్టడానికి బాణసంచా, తుపాకీ మోతలు ఎలాగూ ఉంటాయి. మనం బీడు అనుకునే నేల వెనక ఇంత చాకిరీ ఉంది.

అయితే గోడ లోపల ఇంత చేసినా, బయట మనం విందు పెడుతుంటే పక్షులు ఎందుకు పోతాయి? ఆదివారం రాత్రి గండిమైసమ్మ చౌరస్తా నుంచి దుండిగల్ వైపు వెళ్లేవారికి నేను చెప్పబోయేది కొత్త కాదు. కోడి మాంసం దుకాణాలు మూసే వేళకు ఈకలు, పేగులు, తలకాయలు సంచుల్లో కుక్కి, బండి మీద తెచ్చి కల్వర్టు పక్కన విసిరి వెళ్తారు. తెల్లవారేసరికి కుక్కలు సంచులు చించుతాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి ఆసరాతో గద్దలు రెక్క కదపకుండా ఆ చోటి మీద గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు చేరతాయి. ఆకాశంలో ఆ ఎత్తున అప్పటికే ఒక క్యాడెట్ తన విమానంలో చుట్టు కొడుతూ ఉంటాడు.

దీనికి చట్టం లేక కాదు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 91వ నిబంధన, విమానక్షేత్రం నుంచి 10 కిలోమీటర్ల వ్యాసార్థంలో పక్షులను ఆకర్షించే చెత్తను, మాంసం, చేపల దుకాణాల వ్యర్థాలను పారవేయడాన్ని, పశువులను కోయడాన్ని నిషేధిస్తోంది. విమానక్షేత్రం పౌరులదా సైన్యానిదా అని గద్దలు విచారించవు గనుక, దుండిగల్, హకీంపేటల చుట్టూ కూడా ఇదే కొలత పాటించడం న్యాయం. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ యార్డు హకీంపేటకు ఆ 10 కిలోమీటర్ల లోపే ఉంది. అక్కడి పాత గుట్టను కప్పిన మాట నిజమే గాని, రోజూ వచ్చే కొత్త చెత్తను ఎంత సేపు బయట ఉంచుతున్నారన్నది వైమానిక భద్రత కోణంలో కూడా చూడవలసిన విషయం.

ఇంతకాలం చెత్త మీద ఫిర్యాదు చేస్తే, కల్వర్టు తమ హద్దులో లేదని ఒక కార్యాలయం, రోడ్డు తమది కాదని మరో కార్యాలయం చెప్పి పంపేవి. 2025 చివరలో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. దుండిగల్, నిజాంపేట, తూంకుంట, జవహర్‌నగర్ అందులో ఉన్నాయి. ఇకపై కార్పొరేషన్ హద్దులు ఎలా మారినా, రెండు విమానక్షేత్రాల చుట్టూ ఉన్న వార్డులన్నిటికీ బాధ్యుడైన అధికారి ఒక్కరిని పేరు పెట్టి నియమించమని కోరుతున్నాను. ఆ వార్డుల్లో మాంసం దుకాణాల లైసెన్సు పునరుద్ధరణకు, వ్యర్థాలను సేకరణ వాహనానికే ఇచ్చినట్టు రసీదులు చూపాలన్న షరతు పెడితే సగం సమస్య తీరుతుంది. దుకాణదారులనే దోషులను చేయడం సరికాదు. రాత్రి పదింటికి దుకాణం మూసేవారి దగ్గరికి సేకరణ బండి మధ్యాహ్నం వచ్చి వెళ్తే వారు మాత్రం ఏం చేస్తారు?

వైమానిక స్థావరం, రాష్ట్రం కలిసి కూర్చుంటే పని జరగదన్న అనుమానం నాకు లేదు. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు వరకు, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వరకు తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ల కోసం 2024లో కేంద్రం రక్షణ భూముల బదలాయింపునకు అంగీకరించింది; బేగంపేట, హకీంపేట రన్‌వేల దగ్గర మాత్రం రోడ్డును పైనుంచి కాక కొంత దూరం సొరంగంలో తీసుకుపోయేలా రూపకల్పన చేశారు. కోట్ల రూపాయల వంతెన విషయంలో కుదిరిన మాట కోడి ఈకల విషయంలో కుదరకపోవడం వింతే.

ఇక భవనాల సంగతి. సైనిక విమానక్షేత్రాల పరిసరాల్లో ఎత్తుకు నిరభ్యంతర పత్రం వాయుసేన ఇవ్వాలి. అకాడమీకి కూతవేటు దూరం అని కరపత్రంలో గొప్పగా వేసుకునే బిల్డర్లను, ఫ్లాటు కొనేవారు ముందుగా ఆ పత్రం చూపమని అడగాలి. కొన్న మర్నాటి నుంచి చప్పుడు మీద ఫిర్యాదు చేయడం కన్నా అది మేలు. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి వీడియోలకు డ్రోన్లు ఎగరేసేవారు కూడా డ్రోన్లను ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో తామున్న చోటు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే ఎగరేయాలి.

స్థావరం అధికారుల వైపు నుంచి కూడా లోటు లేకపోలేదు. రాత్రి శిక్షణ ఎప్పుడు ఉంటుందో చుట్టుపక్కల కాలనీలకు ముందుగా తెలిపే ఏర్పాటు, చెత్త కుప్ప కనిపిస్తే ఎవరైనా చెప్పడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఇందులో దేశ రహస్యం ఏమీ బయటపడదు. జూన్‌లో వానలు దిగేలోపు కార్పొరేషన్ అధికారులు, స్థావరం ప్రతినిధులు కలిసి ఒక రోజు ఉదయం పూట గండిమైసమ్మ నుంచి దుండిగల్ వరకు, తర్వాత హకీంపేట నుంచి తూంకుంట వరకు కల్వర్టులన్నీ స్వయంగా చూసి, చెత్త పడే చోట్ల జాబితాను పత్రికలకు ఇవ్వవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
బౌరంపేట, హైదరాబాద్