నెట్ పోయినా కోడ్ పని ఆగదు

సంపాదకులకు,

నెట్ పోతే ప్రోగ్రామింగ్ ఆగిపోతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటున్నారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్)లో, మామూలుగా క్లోన్ (నకలు) చేసుకున్న ప్రతి కంప్యూటర్లోనూ పూర్తి చరిత్ర ఉంటుంది. కమిట్ (మార్పును నమోదు చేయడం), బ్రాంచ్ (విడి పాయగా పని చేయడం), మెర్జ్ (పాయలను కలపడం), పాత మార్పులు వెతకడం... వీటిలో దేనికీ సర్వర్ అక్కర్లేదు.

నెట్ లేని ల్యాబ్‌కు కోడ్‌ను జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పంపే అలవాటు మాత్రం దయచేసి మానండి. ఎవరి మార్పు ఎవరిదో కలపలేక తలపట్టుకోవాల్సి వస్తుంది. దానికి ‘గిట్ బండిల్’ ఉంది. మొదటిసారి అన్ని బ్రాంచీలూ ఒకే ఫైలుగా కట్టి, ఎంతవరకు పంపామో తెలిసేలా అక్కడొక ట్యాగ్ (గుర్తు) పెట్టుకోవాలి. తర్వాతిసారి ఆ ట్యాగ్ తర్వాతి కమిట్లు చాలు. అవతలి ల్యాబ్‌లో ముందు ‘వెరిఫై’ (బండిల్ సరిపోతుందో చూడటం), ఆపైన ‘ఫెచ్’ (కమిట్లు తెచ్చుకోవడం). నడుమ ఒక బండిల్ పోతే వెరిఫై దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ఆధారపడ్డ పాత కమిట్లు అక్కడ ఉండవు. అందుకే ట్యాగ్ కంటే కొంచెం వెనక కమిట్ల నుంచి కట్టడం మేలు. ఉన్నవి మళ్లీ వచ్చినా నష్టం లేదు. ఒక్క జాగ్రత్త: ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ఇక మిర్రర్, అంటే మొత్తం కోడ్ చరిత్రకు వేరేచోట ఉంచే అచ్చు నకలు. దానికి పంపే ‘పుష్ మిర్రర్’ ఆదేశం అవతల అదనంగా ఉన్న బ్రాంచీలను అడక్కుండానే తుడిచేస్తుంది. కాబట్టి మిర్రర్‌లో ఎవరూ నేరుగా కమిట్ చేయకూడదు, మార్పులు ఒక దిశలోనే సాగాలి. ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ అనుబంధం) వాడితే ఆ ఫైళ్ల గుర్తులే వెళ్తాయి. అసలు ఫైళ్లను ‘ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్ ఆల్’, ‘ఎల్‌ఎఫ్‌ఎస్ పుష్ ఆల్’తో విడిగా పంపాలి.

- ఒక ప్రోగ్రామర్, హైదరాబాద్