గుర్రప్పందేలంటే జూదం ఒక్కటేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో గుర్రప్పందేల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. దొరలు అంటించిపోయిన జూదం తప్ప అందులో ఇంకేం లేదని తేల్చేశారు. పందేలు కాసి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు లేరని నేను అనను. కానీ ఏటా జరిగే డెర్బీ అనే పెద్ద గుర్రప్పందెం రోజున పార్లమెంటు సభనే వాయిదా వేసుకునేంతగా 19వ శతాబ్దంలో ఇంగ్లండు తన ఆటగా నెత్తిన పెట్టుకున్నదాన్ని అలా కొట్టిపారేస్తే ఎలా? క్రికెట్ మాత్రం దొరలది కాదా? 1936లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లాడని ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటున్నాం.

ఆ మాటకొస్తే పందేల కోసమే పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాల మూలపురుషులు ఇంగ్లండువి కానే కావు. బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అని తూర్పు నుంచి వెళ్లిన మూడు మగ గుర్రాలు. ఈనాడు ఏ రేసుకోర్సులో ఏ థరోబ్రెడ్‌ను చూసినా తండ్రి వైపు వంశం ఈ మూడింటిలో ఒకదాని దగ్గరికే పోతుంది. డార్లీ అరేబియన్‌ను సిరియాలోని అలెప్పో నుంచి 1704లో తీసుకెళ్లారు. మన విజయనగరం కోట కట్టింది 1713లో, అంటే ఇంచుమించు అదే కాలం. ఆ వంశంలోనే 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టిన ఎక్లిప్స్, పరిగెత్తిన 18 పందేల్లో ఒక్కటీ ఓడలేదు. ఇవేవీ మీ వ్యాసంలో లేవు. 1777 నాటి మద్రాసు గిండీ రేసుకోర్సు లేదు, 1886లో నిజాం హైదరాబాదు మలక్‌పేటకు తెచ్చిన పందేలు లేవు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాటా లేదు.

అసలు సంగతి ఏమిటంటే, డబ్బున్నవాళ్ల సరదాను ఆటగా మార్చింది నిబంధనలు. 1750 ప్రాంతంలో ఇంగ్లండులో పందేల నిబంధనలు చూసే జాకీ క్లబ్ పుట్టింది. 1791లో గుర్రాల వంశావళి పుస్తకం తొలి కూర్పు వచ్చింది. గుర్రం మోసే బరువు లెక్క ప్రకారం ఉండాలని జాకీని, అంటే గుర్రమెక్కే రౌతును, జీనుతో సహా పందేనికి ముందు తూస్తారు, తక్కువైతే సీసం బిళ్లలు కలుపుతారు, పందెం తరువాతా తూస్తారు. 1844 డెర్బీలో రన్నింగ్ రైన్ అనే గుర్రం గెలిచింది. మూడేళ్ల గుర్రాలే పరిగెత్తాల్సిన పందెం అది. దీనికి నాలుగేళ్లనీ, అసలు పేరు కూడా వేరనీ పందేల్లో మోసాల మీద పోరాడిన లార్డ్ జార్జ్ బెంటింక్ పట్టుబట్టి బయటపెట్టాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. గుర్రం వయసు పళ్లు చూస్తే తెలుస్తుంది కాబట్టి జడ్జి దాన్ని తెచ్చి చూపించమన్నాడు. గుర్రం మాయమైంది! బహుమతి రెండోదిగా వచ్చిన ఓర్లాండోకు ఇచ్చారు.

స్కూలు పిల్లల చేత ఆటలాడించి రిటైరైనవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. అండర్ 14 సెలక్షన్లకు మీసాలు వచ్చిన కుర్రాళ్లు దర్జాగా వస్తుంటే పళ్లు చూసి వయసు చెప్పే నాథుడు మన దగ్గర ఉన్నాడా? సర్టిఫికెట్ ఉంది కదా మాస్టారూ, మీకెందుకు అంటారు. నిజంగా పద్నాలుగేళ్ల లోపున్న పిల్లాడు ఏడుస్తూ బస్సెక్కుతాడు. ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన మల్లీశ్వరి పేరు ప్రతి సభలో చెబుతారు. సభ అయిపోయాక మైదానంలో గేదెలు మేస్తుంటాయి.

మన ప్రాంతంలోనూ గుర్రాలు పరిగెడుతున్నాయి, అది మీ విలేకరులకు తెలియనిది కాదు. సంక్రాంతి వెళ్లాక తీర్థాల్లో ఎడ్ల బళ్ల పందేలతో పాటు గుర్రప్పందేలూ పెడుతున్నారు. మొన్న నేను చూసిన పందెం తారు రోడ్డు మీద జరిగింది. జీను లేదు, నెత్తిన హెల్మెట్ లేదు. బక్కపల్చటి కుర్రాడొకడు, పక్కనే దిట్టంగా ఉన్న మనిషి, ఇద్దరికీ ఒకటే పందెం. మలుపులో ఒక గుర్రానికి లాడం జారి మోకాళ్ల మీద పడింది. చర్మం లేచిపోయి ఎర్రగా కనిపిస్తున్నా కళ్లెం పట్టి లేపి మళ్లీ తోలారు. పశువుల డాక్టరు కోసం చూస్తే లేడు. పెద్దమనుషులు జెండా ఊపి, శాలువాలు కప్పించుకుని, ఫొటో దిగి కార్లెక్కేశారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోయే వచ్చింది, గుర్రం సంగతి ఒక్క వాక్యం లేదు.

ఆపేయమని నేను అడగడం లేదు, తాతల నాటి వేడుక అది. వచ్చే సంక్రాంతి లోపు జిల్లా అధికారులు తీర్థం కమిటీలను కూర్చోబెట్టి, మట్టి బాట మీదే పందెం, ప్రతి గుర్రానికీ వయసు, ఆరోగ్యం రాసిన కాగితం, పిల్లల్ని ఎక్కించకూడదు, డాక్టరు రానిదే జెండా ఊపకూడదు అని రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. మీరు కూడా ఆ వ్యాసంలో వదిలేసిన చరిత్రను మరో ఆదివారం వేయండి. దీన్ని ఆటగా నిలబెట్టింది ఏమిటో మా కమిటీల వాళ్లు కూడా చదువుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా.