కరెంటు పెట్టి పంపేస్తే నడుం నొప్పి పోదు

సంపాదకులకు,

మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పికి మన జిల్లాల్లో చాలామంది పట్టే దారి ఒకటే అయింది. దగ్గర్లోని ఫిజియోథెరపీ సెంటర్లో పది రోజులు ‘కరెంటు పెట్టించుకోవడం’. నల్లగొండ, మహబూబ్‌నగర్ సరే, చిన్న పట్టణాలకూ ఈ మిషన్లు వచ్చాయి. రావడం మంచిదే. కానీ రోజూ ఇరవై నిమిషాలు వేడి పెట్టి, లేపి, రేపు రమ్మని పంపేయడం వైద్యం అనిపించుకోదు. ఈ ‘కరెంటు’ అసలు పేరు షార్ట్‌వేవ్ డయాథర్మీ. అది ఇచ్చే లోతు వేడి బిగుసుకున్న కండరాన్ని కాసేపు సడలిస్తుంది, నొప్పిని కాసేపు తగ్గిస్తుంది. ఆ కాసేపట్లో వ్యాయామం చేయించకపోతే కట్టిన ఫీజు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి అన్నీ దండగే.

ఈ మిషన్ 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. కరెంటు తీగ పట్టుకున్నట్టు షాక్ ఏమీ కొట్టదు. ఒంట్లోని నీరు, లవణాల కణాలు ఆ తరంగాలకు అటూ ఇటూ కదిలి లోపలే వేడి పుట్టిస్తాయి. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతు దాకా వెచ్చదనం చేరుతుంది. తరంగాలు పంపే ప్యాడ్లతో పెట్టినప్పుడు లావుగా ఉన్నవాళ్లకు కండరం కన్నా చర్మం కింది కొవ్వే ఎక్కువ కాగుతుంది. ఇక ఎర్ర బల్బుతో పెట్టే ఇన్‌ఫ్రారెడ్ వేడి చర్మం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని డీప్ హీట్ పేరుతో బిల్లు వేస్తే నిలదీసి అడగాలి.

అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది. మొదటి సిట్టింగుకు ముందు రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లు, చన్నీళ్లు పోసి, పేషెంటు కళ్లు మూయించి, నడుం మీద ఒక్కోటి ఆనించి ఏది వేడో ఏది చల్లనో చెప్పించాలి. రెండు నిమిషాల పని. తేడా చెప్పలేనివాళ్లకు డయాథర్మీ పెట్టనే కూడదు. ఏళ్ల తరబడి షుగరు ఉండి స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది.

తర్వాత లోహం. మొలతాడుకు కట్టిన తాయెత్తు, వెండి మొలతాడు, రొండిన దోపుకున్న చిల్లర, తాళంచెవులు, బెల్టు, చీర పిన్నీసు, జాకెట్ హుక్కులు, సెల్‌ఫోన్, చెవి మిషన్ అన్నీ తీసి దూరంగా పెట్టాలి. లోహం ఉన్నచోట తరంగాల శక్తి గుమిగూడి అక్కడ కాలుతుంది. తడి కూడా అంతే. మన ఎండలకు బస్సు దిగి నడిచొచ్చినవాళ్ల నడుం చెమటతో తడిసి ఉంటుంది. పొడిబట్టతో తుడిచి, పూసుకున్న బామ్ ఉంటే అదీ కడిగి, పాలిస్టర్ బట్ట పక్కకు తీసి, అప్పుడు మొదలుపెట్టాలి. పడుకోబెట్టేది చెక్క బల్ల కావాలి, ఇనుప మంచం పనికిరాదు.

ప్యాడ్లు అమర్చడంలోనే పనితనం తెలుస్తుంది. పేషెంటును బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతారు. నడుం మీద రెండు ప్యాడ్లు పక్కపక్కన పెట్టేటప్పుడు చర్మానికీ ప్యాడ్‌కూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల మందాన పొడి నూలు టవల్ మడతలు ఉండాలి. ఆ మందం నాలుగు వైపులా సమానంగా ఉండాలి. ఒక మూల చర్మానికి దగ్గరైతే వేడంతా ఆ మూలకే వస్తుంది. రెండు ప్యాడ్ల మధ్య కనీసం ఒక ప్యాడ్ వెడల్పు ఎడం వదలాలి. మరీ దగ్గరగా పెడితే శక్తి లోపలికి దిగకుండా పైపైనే ఒక ప్యాడ్ నుంచి ఇంకోదానికి దాటిపోతుంది. చర్మం ఎర్రబడుతుంది, కండరానికి ఏమీ అందదు. వైర్లు ఒకదాన్నొకటి దాటకూడదు, పేషెంటు ఒంటికి తగలకూడదు.

వేడి ఎంత? ‘ఎంత కాలితే అంత మంచిది’ అనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. ఇది ప్రమాదం. హాయిగా, గోరువెచ్చగా అనిపించాలి, అంతే. వేడిని పసిగట్టే నరాలు ఎక్కువగా చర్మంలో ఉంటాయి, లోతు కండరంలో తక్కువ. లోపల వేడి మితిమీరితే మంటగా కాకుండా మొద్దు నొప్పిగా తెలుస్తుంది. ‘బాగా పట్టింది’ అని పేషెంటు ఓర్చుకుంటాడు. కాబట్టి ఐదు నిమిషాలకోసారి అడగాలి, ఆపే స్విచ్ అతని చేతికివ్వాలి, మిషన్ పెట్టి బయటికి వెళ్లిపోకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రాకూడదు. నడుంలో రాడ్లు, స్క్రూలు వేయించుకున్నవాళ్లకు, కాపర్‌టీ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, క్యాన్సర్ లేదా టీబీ ఉన్నవాళ్లకు, కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టినవాళ్లకు ఇది పెట్టొద్దు. గర్భంతో ఉన్న థెరపిస్టు కూడా నడుస్తున్న మిషన్ దగ్గర నిలబడకూడదు.

ఇన్ని జాగ్రత్తలతో పెట్టినా వేడి ఒక్కదానితో పాత నొప్పి పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామానికి, పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడానికి చోటిచ్చింది. అల్ట్రాసౌండ్ వైద్యం (స్కాన్ కాదు), టెన్స్ (చర్మం మీద సన్నని కరెంటు పెట్టడం), ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), నడుం బెల్టు రోజువారీ వైద్యంగా వాడొద్దంది. ఈ నాలుగింటినీ కలిపి ప్యాకేజీగా అమ్మడం మన పట్టణాల్లో మామూలు విషయం.

మిషన్ ఆపిన వెంటనే, ఒళ్లు వెచ్చగా ఉండగానే, అదే బల్ల మీద వ్యాయామం మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుమును బల్లకు అదిమి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచడం పదిసార్లు. అదే తీరులో పిరుదులు పైకెత్తి ఐదు లెక్కలు, పదిసార్లు. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, ఎదురు కాలు చాచడం, రెండు వైపులా ఎనిమిదేసి సార్లు. తొడ వెనక కండరాన్ని ముప్పై సెకన్లు సాగదీయడం. ఆపైన పది నిమిషాల నడక, వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు, నొప్పి కాలిలోకి దిగుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపి థెరపిస్టుకు చెప్పాలి. ఐదారు సిట్టింగులకు కూర్చోవడం, వంగడం, నడవడం ఏమాత్రం మెరుగుపడకపోతే మిగతా సిట్టింగులు మానేసి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఇంటి దగ్గర ఇవే వ్యాయామాలకు ముందు వేడినీళ్ల సంచిని బట్టలో చుట్టి పదిహేను నిమిషాలు కాపడం పెట్టుకోవచ్చు. దానికి ఖర్చు లేదు.

పని తీరు మారకుండా ఇదీ నిలవదు. నాట్లు వేసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు అరగంటకోసారి లేచి నిటారుగా నిలబడి రెండు చేతులు నడుంపై ఆన్చి ఐదారుసార్లు వెనక్కి వంగాలి. గద్వాల, నారాయణపేట మగ్గాల మీద కూర్చునేవాళ్లకూ ఇదే మాట.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవయసువాళ్ల సంగతి వేరుగా చూడాలి. దశాబ్దాలు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినవాళ్లలో వెన్నుపూసలను కలిపి పట్టే స్నాయువులు (లిగమెంట్లు) గట్టిపడి ఎముకలా మారతాయి. మంచినీళ్లు వచ్చాక కొత్తగా చేరే ఫ్లోరైడ్ తగ్గుతుంది గానీ గట్టిపడ్డ వెన్ను తిరిగి మెత్తబడదు. వేడి పెట్టి బలవంతంగా వంచితే విరిగే ప్రమాదం ఉంది. ముందు ఎక్స్‌రే తీయించాలి. కాళ్లు బిగుసుకుపోవడం, తూలడం ఉంటే వెన్నుపాము నొక్కుకుపోతోందేమో డాక్టరు చూడాలి.

మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, కూర్చునేచోట తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవడం కనిపిస్తే అదే రోజు పెద్ద దవాఖానకు వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ముందు పరీక్షలు చేయించాలి, అప్పటిదాకా వేడి జోలికి పోవద్దు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల వైద్యాధికారులు ఫిజియోథెరపీ సెంటర్లను తనిఖీ చేసేటప్పుడు సర్టిఫికెట్లతో ఆగకుండా చెక్క బల్ల ఉందా, మిషన్‌కు ఎర్తింగ్ సరిగా ఉందా, వేడి–చల్లన పరీక్ష కేసు షీటులో రాస్తున్నారా, చేయించిన వ్యాయామాలు అందులో ఉన్నాయా అని చూడాలి. ఎవరికి వేడి పెట్టకూడదో పెద్దక్షరాల తెలుగులో గోడ మీద రాయించాలి.

– ఫిజియోథెరపిస్టులు, నల్లగొండ